జిల్లేడు పాలు తాగే పురుగు

రథసప్తమికి ముందు రోజు సాయంత్రం జిల్లేడాకులు కోసుకురావడం, ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి నా పనే. మర్నాడు తెల్లవారుజామున ఏడాకులనూ రేగుపండ్లనూ తల మీద, భుజాల మీద పెట్టుకుని స్నానం చేసే మా అత్తయ్యగారికి ఆకు నిండుగా ఉండాలి, ఎక్కడా పురుగు కొట్టి ఉండకూడదు. కిందటేడు మా వీధి చివరి ఖాళీ స్థలంలో, కూలిన ప్రహరీ పక్కన పెరిగిన పొదలో వెతుకుతుండగా ఒక ఆకు మిగతావాటిలా బిగుసుకుని నిలబడక, మెడ విరిగినట్టు కిందికి వేలాడుతూ కనిపించింది. తిప్పి చూస్తే అడుగున అంగుళం పొడవున్న పురుగు ఉంది. ఒంటి మీద నూగు లేదు. నలుపు, తెలుపు చారల మధ్య పసుపు చుక్కలు వరసగా ఉన్నాయి. వీపు మీద మూడు జతల నల్లని కొమ్ముల్లాంటివి మెల్లగా కదులుతున్నాయి. ఆ ఆకును అలాగే వదిలి మంచివి ఏడు ఏరుకుని ఇంటికి వచ్చి సంగతి చెప్పాను.

"జిల్లేడుకు పురుగు పట్టడమేమిటమ్మా? గొడ్లు కూడా మూతి పెట్టవు కదా!" అన్నారు అత్తయ్య.

"పడుతుందండీ, దానికి ఆ విషం ఎక్కదట," అన్నాను నేను. చిన్నప్పుడెప్పుడో విన్న ఆ మాటను ఏమీ ఆలోచించకుండా అప్పగించేశాను. తర్వాత మూడు వారాల పాటు పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్లినప్పుడల్లా ఆ పొద దగ్గర ఆగి చూసి, ఇంటికి వచ్చి చదువుకున్నాక, నేను చెప్పిన సమాధానం ఎంత అరకొరదో అర్థమైంది. విషం ఎక్కకపోవడం అనేది ఒక్క గుణం కాదు. విషమున్న ఆకును తిని బతకడం వేరు, ఆ విషాన్ని ఒంట్లో దాచుకుని బతకడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూసినంత కాలం ఈ పురుగు, అంటే ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్ల, చేసే పనుల్లో సగం మనకు అర్థం కావు.

ముందుగా జిల్లేడు సంగతి చెప్పుకోవాలి. వినాయక చవితి పత్రిలో అర్కపత్రంగా పూజలందుకునే ఈ మొక్కే "మీ ఇంట జిల్లేళ్లు మొలవ" అన్న తిట్టులోనూ ఉంది. రైతులు దీని రొట్టను పొలంలో వేసి తొక్కిస్తారు కానీ పశువుల ముందు మాత్రం వేయరు. ఆకు తుంచగానే బొటబొట కారే పాలు కంట్లో పడితే పెద్దగా నొప్పి లేకుండానే కంటిపొర ఉబ్బి చూపు మసకబారుతుంది కాబట్టి పిల్లల్ని ఆ పొద దగ్గరికి పోనివ్వం. ఆ పాలలో రెండు రకాల ఆయుధాలున్నాయి. ఒకటి బంక: గాలి తగలగానే చిక్కబడి, కొరికిన పురుగు నోటిని అతికించేస్తుంది. రెండోది కార్డినోలైడ్లు అనే రసాయనాలు. కెలోట్రోపిన్, కెలాక్టిన్, ఉషారిన్, వోరుషారిన్ అని వాటిలో చాలా ఉన్నాయి. గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్ కూడా ఈ కుటుంబానిదే. ఇంగ్లండ్ వైద్యుడు విలియం విదరింగ్ 1785లో డిజిటాలిస్ అనే మొక్క ఆకు గురించి రాసినప్పటి నుంచి ఈ జాతి రసాయనాలు మందుగానూ విషంగానూ రెండు రకాలుగా పేరు మోస్తున్నాయి.

ఇవి పనిచేసే చోటు ఒక్కటే. జంతువుల కణాల పైపొరల్లో సోడియం–పొటాషియం పంపు అనే ప్రోటీన్ ఉంటుంది. అది ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోడి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. నరాల్లో సంకేతం నడవడానికీ, గుండె కొట్టుకోవడానికీ ఈ తోడకం ఆగకుండా సాగాలి. కార్డినోలైడ్ అణువు ఆ పంపు బయటి వైపున్న గాడిలో దూరి, తాళంలో విరిగిన చెవిలా ఇరుక్కుపోతుంది. ఆవుకైనా, ఈగకైనా, మనిషికైనా జరిగేది అదే. కీటకాల్లో ముందుగా దెబ్బతినేవి నరాలు. అంటే జిల్లేడు తినదలచుకున్న పురుగు ముందు రెండు గండాలున్నాయి: నోటి దగ్గర బంక, లోపలికి వెళ్లాక తాళం.

మొదటి గండమే ఎక్కువ ప్రాణాలు తీస్తుందని నేను అనుకోలేదు. రథసప్తమి వెళ్లిన నాలుగో రోజున ఒక లేత ఆకు అడుగున, పిండి చల్లినట్టున్న తెల్లని నూగు మధ్య, అప్పుడే గుడ్డు నుంచి బయటికి వచ్చిన పిల్ల పురుగును భూతద్దంతో చూశాను. దారప్పోగు ముక్కంత ఒళ్లు, నల్లని తల. అది తన గుడ్డు పెంకును తినేసి, తర్వాత ఆకును నేరుగా కొరకకుండా ముందు నూగును గీకి పక్కకు తోసింది. ఆ పైన ఆకు పొరను గుండ్రంగా, చిన్న వలయంలా గాడి తీయడం మొదలుపెట్టింది. ప్రతి కొరుకుకూ సూది మొనంత పాలచుక్క ఉబికేది. వెంటనే అది వెనక్కి జరిగి, నోటిని ఆకుకు రాసుకుని, కాసేపు ఆగి, మరో చోట మొదలుపెట్టేది. వలయం పూర్తవడానికి ఎంత సేపు పట్టిందో తెలియదు, నాకు ఆఫీసు వేళయింది. సాయంత్రం వచ్చి చూస్తే వలయం లోపలి భాగంలో చిన్న కంత పడి ఉంది, పురుగు పక్కన ఉంది. రెండాకుల అవతల ఇలాంటిదే మరొకటి గట్టిపడిన పాలచుక్కలో తల ఇరుక్కుని చచ్చి ఉంది. దీని అమెరికా దాయాది మోనార్క్ సీతాకోకచిలుక పురుగుల మీద ఫ్లోరిడాలో జరిపిన పరిశీలనల్లో, జిల్లేడు కుటుంబానికే చెందిన ఒక జాతి పాలమొక్క మీద పుట్టిన పిల్లల్లో దాదాపు ముప్ఫై శాతం ఇలా బంకలో చిక్కుకునే పోయాయి. విషం పనిచేయడానికి అవకాశమే రాకముందు మొక్క చేసిన పని అది.

కాస్త పెద్దయ్యాక పద్ధతి మారుతుంది. గుండ్రని గాడి స్థానంలో ఈనెలను కోయడం వస్తుంది. జిల్లేడు పాలు ఈనెల వెంట సాగే గొట్టాల్లో ఒత్తిడితో నిండి ఉంటాయి; ఎక్కడ తెగినా ఆ ఒత్తిడి వల్లే అంత జోరుగా కారతాయి. నడిమి ఈనెను మొదట్లో కోసేస్తే పాలన్నీ ఆ గాయం దగ్గరే కారిపోయి, దానికి అవతలి ఆకంతా ఒట్టిపోతుంది. ఆకు మెడ విరిగినట్టు వేలాడేది అందుకే. నేను గోటితో పరీక్షించి చూశాను: బాగున్న ఆకు కొసను తుంచితే చుక్కలు వెంట వెంటనే కారి నా వేలికి అంటుకున్నాయి, వేలాడుతున్న ఆకు కొసను తుంచితే కొంచెం తడి తప్ప ఏమీ రాలేదు. (ఆ తర్వాత చెయ్యి రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను, ఎవరైనా ఇది చేసి చూస్తే ఆ చెయ్యి కంటి దగ్గరికి పోనివ్వకండి.) ఈ పనిని పాలకు పురుగు వేసిన ఎత్తుగా వివరించి చెప్పినవారు అమెరికాకు చెందిన డేవిడ్ డుసూర్డ్, థామస్ ఐస్నర్, వారి వ్యాసం 1987లో వచ్చింది. నీళ్లు రాకుండా వీధి మొదట్లో వాల్వు కట్టేసి ఇంటి కుళాయి బాగుచేసుకోవడం లాంటిదే ఇది.

ఇంతవరకు కథ తేటగానే ఉంది: పాలు చెడ్డవి కాబట్టి పురుగు వాటిని తప్పించుకుంటుంది. కానీ ఎనిమిదో రోజున, అప్పటికి చిటికెన వేలంత అయిన మొదటి పురుగు, ఒక పెద్ద ఆకు మొదట్లో ఈనెను కొరికి, ఉబికిన పాల దగ్గర నోరు పెట్టి అలాగే ఉండిపోయింది. వెనక్కి జరగలేదు, మూతి తుడుచుకోలేదు. చుక్క తగ్గేది, మళ్లీ ఊరేది, మళ్లీ తగ్గేది. "తాగుతున్నట్టుంది" అని నోటు పుస్తకంలో రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. పిల్లప్పుడు చుక్క తగిలితే భయపడి పారిపోయిన జాతి పెద్దయ్యాక అదే పాలను తాగడమేమిటని నా చూపు మీదే అనుమానం వచ్చింది. తర్వాత చదివితే తెలిసింది, జర్మనీలో మోనార్క్ పురుగుల మీద జరిగి 2024లో ప్రచురితమైన పరిశోధన సరిగ్గా ఇదే చెప్పింది. చిన్న పురుగులు పాలను తప్పించుకుంటాయి, చివరి దశల్లోని పెద్ద పురుగులు కావాలనే ఈనెలు కోసి పాలు తాగుతాయి, అలా తాగినవాటి ఒంట్లో విషం నిల్వ పెరుగుతుంది. చూడడానికి ఒకేలా ఉన్న ఆ ఈనె కోత, వయసును బట్టి రెండు వేర్వేరు పనులకు పనికొస్తోంది. నేను పుస్తకంలోని ప్రశ్నార్థకాన్ని కొట్టేశాను.

ఎందుకు తాగాలి అంటే, దాచుకోవడానికి. సీతాకోకచిలుక ఒంట్లో ఉన్నవి మొక్కలోని గుండె విషాలేనని నోబెల్ బహుమతి పొందిన రసాయన శాస్త్రవేత్త టాడ్యూస్ రైక్‌స్టైన్, కీటక శాస్త్రవేత్త మిరియమ్ రాత్‌చైల్డ్ మరికొందరితో కలిసి 1968లో మోనార్క్‌లో నిరూపించారు. లింకన్ బ్రోవర్ అనే అమెరికా శాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. ఆయన పాలమొక్క తినే ఆ పురుగులను క్యాబేజీ మీద పెంచగలిగాడు. అలా పెరిగిన సీతాకోకచిలుకలను బ్లూ జే పక్షులు హాయిగా తిన్నాయి. పాలమొక్క మీద పెరిగినదాన్ని తిన్న పక్షి మాత్రం కాసేపటికి వాంతి చేసుకుంది, ఆ తర్వాత ఆ రంగు కనిపిస్తేనే మొహం తిప్పుకుంది. మన జిల్లేడు పురుగు నుంచి వచ్చే ప్లెయిన్ టైగర్ కూడా అలాగే నారింజ రంగు రెక్కలతో, నల్లని అంచులతో, ఎవరికీ భయపడనట్టు తీరిగ్గా ఎగురుతుంది. పురుగు చారలు కూడా దాక్కోవడానికి కాదు, కనబడడానికే.

అయితే విషాన్ని దాచుకోవాలంటే అది పేగు దాటి రక్తంలోకి రావాలి, ఒళ్లంతా తిరగాలి. అప్పుడు సొంత పంపులే మూతపడాలి కదా? మోనార్క్ ఆ పంపునే మార్చుకుంది. గాడి దగ్గర, ప్రోటీన్‌లోని 122వ స్థానంలో ఉండాల్సిన ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం బదులు హిస్టిడిన్ అనే మరొకటి ఉంది. 111, 119 స్థానాల్లో కూడా మార్పులున్నాయి. గాడి ఆకారం మారింది కాబట్టి విషపు చెవి సరిగా దూరదు. 2019లో అమెరికా పరిశోధకులు ఈ మూడు మార్పులనూ పండ్ల మీద వాలే మామూలు డ్రాసోఫిలా ఈగ జన్యువులో చేసి చూశారు. ఆ ఈగలు కార్డినోలైడ్లున్న మేత తిని బతికాయి. వాటి ఒంట్లో కొంత విషం పెద్ద ఈగలయ్యే వరకు నిలిచింది కూడా. నాకు అన్నింటికంటే నచ్చిన వివరం మరొకటి. 122వ స్థానంలో ఒక్క మార్పే చేసిన ఈగలు ఉన్న సీసాను గట్టిగా తడితే అవి గిలగిలా కొట్టుకుని కాసేపు పడిపోయేవి, ఎందుకంటే విషానికి లొంగని ఆ పంపు మామూలు పనిలో కాస్త కుంటుతుంది. 119వ స్థానంలోని మార్పు ఆ కుంటును చాలావరకు సరిచేస్తుంది. అంటే ఆ మార్పులు ఏ వరసలో వచ్చాయన్నది కూడా ముఖ్యమే. 122వ స్థానంలోది ముందు వచ్చి ఉంటే ఆ సీతాకోకచిలుక పూర్వీకులు గాలి దెబ్బకే పడిపోయి ఉండేవి.

ఇక్కడే చాలామంది కథను ముగిస్తారు: పంపు మారింది, అందుకే విషం ఎక్కదు, అందుకే ఆ ఆకు తినగలుగుతోంది. నేనూ అక్కడే ఆగిపోయేదాన్ని, మా పెరట్లోని గన్నేరు లేకపోతే. గన్నేరు ఆకులో కూడా ఇదే జాతి విషం ఉంది, ఆ సంగతి ఊళ్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. దాని మీద కామన్ క్రో అనే నల్లటి సీతాకోకచిలుక పురుగు ఏటా వానాకాలంలో దర్జాగా తిని, కింద అద్దంలా మెరిసే బంగారు రంగు గూడై వేలాడుతుంది. మా అమ్మాయి దాన్ని చెవి కమ్మ అనుకుని తీసుకురాబోయింది. ఇది మోనార్క్‌కు, ప్లెయిన్ టైగర్‌కు దగ్గర చుట్టమే. కానీ దీని పంపులో ఆ మార్పులు లేవు. తాళం మామూలు తాళమే, విషం తగిలితే మూతపడేదే. అయినా పురుగు మాత్రం బాగానే పెరుగుతుంది. పంపు బలంగా ఉన్న మోనార్క్‌నూ, మధ్యస్థంగా ఉన్న మరో చుట్టాన్నీ, ఏ బలమూ లేని ఈ కామన్ క్రోనూ పక్కపక్కన పెట్టి పెంచి, 2015లో పెట్షెంకా, అగ్రవాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే, పురుగు ఎదుగుదలకూ పంపు బలానికీ సంబంధం లేదు. ఒంట్లో ఎంత విషం దాచుకుంటుందన్నదానికే సంబంధం ఉంది. కామన్ క్రో దాచుకోదు. తిన్న విషం పేగు దాటి లోపలికి రాకుండానే లద్దెతో బయటికి పోతుంది. కాబట్టి పంపును మార్చుకోవడం భోజనం కోసం పడిన పాట్లు కావు, ఆయుధం ఒంటి మీద మోయడానికి పడిన పాట్లు. నేను అత్తయ్యకు చెప్పిన వాక్యం తప్పింది ఇక్కడే.

అదే గన్నేరు మీద మరో పురుగు మరో దారి పట్టింది. ఆకుపచ్చగా, తల వెనక రెండు పెద్ద నీలి కళ్లలాంటి మచ్చలతో ఉండే గన్నేరు చిమ్మట పురుగును నందివర్ధనం పెంచే ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. దాని పంపు కూడా విషానికి లొంగేదే. కానీ నరాల చుట్టూ ఉన్న పొర ఆ రసాయనాలను పంపుల దాకా చేరనివ్వదు. ఒకే ఆకు, ఒకే విషం, ఒకరు గేటు దగ్గర ఆపుతారు, ఒకరు గది తలుపు దగ్గర ఆపుతారు, జిల్లేడు వర్గం వాళ్లు ఇంట్లోకి పిలిచి బీరువాలో పెట్టుకుంటారు.

బీరువాలో పెట్టుకోవడం కూడా ఉచితం కాదు. పైన చెప్పిన కార్డినోలైడ్లలో వోరుషారిన్ మోనార్క్ మార్చుకున్న పంపును కూడా గట్టిగానే పట్టుకుంటుందనీ, పురుగు దాన్ని కెలాక్టిన్, కెలోట్రోపిన్‌లుగా మార్చుకుని గానీ దాచుకోదనీ, ఆ మార్పిడి భారం వల్ల ఎదుగుదల తగ్గుతుందనీ 2021లో ప్రచురితమైన పరిశోధన చూపింది. మొక్క కూడా ఊరుకోలేదన్నమాట. పురుగు మార్చిన తాళానికి కూడా సరిపోయే మరో చెవిని అది ఆకులో సిద్ధంగా ఉంచింది.

ఈ ఖర్చంతా ప్లెయిన్ టైగర్ వర్గం భరిస్తుంటే, దమ్మిడీ ఖర్చు లేకుండా ఆ పేరు వాడుకునేది ఒకటి మన దగ్గరే ఉంది. డానెయిడ్ ఎగ్‌ఫ్లై అనే సీతాకోకచిలుకలో మగది నల్లగా, తెల్లని గుండ్రటి మచ్చలతో ఉంటుంది. ఆడది మాత్రం అచ్చం ప్లెయిన్ టైగర్‌లా నారింజ రంగులో, అదే తీరిక నడకతో ఎగురుతుంది. దాని పురుగు తినేది ఏమిటంటే గంగపాయల కూర. మనం పప్పులో వేసుకునే కూరాకు తిని పెరిగి, జిల్లేడు తిన్నదానిలా చలామణి అవుతోంది. మొదటిసారి చదివినప్పుడు నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

పదకొండో రోజున నేను ఆ పెద్ద పురుగును, దాని పక్కనే పెరిగిన ఇంకొకదాన్ని, ఆకులతో సహా ఖాళీ ఆవకాయ సీసాలో పెట్టి, మూతికి పలుచని గుడ్డ కట్టి ఇంటికి తెచ్చాను. రెండూ గుడ్డకు తలకిందులుగా వేలాడి, చర్మం విడిచి, బంగారు చుక్కలున్న లేత ఆకుపచ్చ గూళ్లయ్యాయి. ఒకదాని నుంచి తొమ్మిదో రోజు పొద్దున సీతాకోకచిలుక వచ్చింది, రెక్కలు ఆరబెట్టుకుని మధ్యాహ్నానికి కిటికీ దాటి పోయింది. ఈనె దగ్గర పాలు తాగడం నేను కళ్లారా చూసిన పెద్దది మాత్రం రాలేదు. గూడు మీద గోధుమరంగు మరక ఒకటి కనిపించి, మర్నాటికి పెద్దదై, ఆ సాయంత్రం దాని కింద జిగటగా మెరిసే తీగలు వేలాడాయి. వాటి వెంట నాలుగు తెల్లని పురుగులు సీసా అడుగుకు జారి, గంటల్లోనే ముదురు గోధుమ గింజల్లా గట్టిపడ్డాయి. అవి టాకినిడ్ ఈగ పిల్లలు. ఆ ఈగ పొలంలోనో పొద మీదో ఎప్పుడో ఆ పురుగు మీద గుడ్లు పెట్టి ఉంటుంది. పక్షి చేత వాంతి చేయించగల ఒంట్లోనే అవి తిని పెరిగాయి.

"మరి వాటికి విషం ఎక్కలేదా?" అని అడిగారు అత్తయ్య, కళ్లజోడు సీసాకు ఆనించి.

ఈసారి నేను తొందరపడి ఏమీ చెప్పలేదు. పన్నెండు రోజుల తర్వాత మూడు ఈగలు బయటికి వచ్చాయి, నాలుగోది రాలేదు. సీసాను ఇక వంటింట్లోకి తేవద్దని ఆవిడ ఖచ్చితంగా చెప్పారు. ఇప్పుడది పెరట్లో గన్నేరు కింద, గుడ్డ కట్టి, సిద్ధంగా ఉంది.